బాఖ్ కడపటి గీతము



నేను ముప్పది సంవత్సరములకు పైగా పల్లెటూరి పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. చిన్ననాట గురువులకడ కావ్యములు, వ్యాకరణము, కొంత ఛందస్సు చదువుకొంటిని. ఇట్టివాడు జర్మనీదేశపు సంగీతమును గూర్చి మాటలాడుట యేమని మీకు తోచవచ్చును. దానికొక కారణము కలదు. ఇది నేను చాలకాలముగా తీర్పవలసియున్న యొక బాకీ.

పూర్వము మా పాఠశాలలో నాతో పనిచేసిన క్రైస్తవోపాధ్యాయు లొకరు హార్మోనియము బాగుగా వాయించెడివారు. వారొకనాడు నాకొక కథ చెప్పిరి. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ అను జర్మను విద్వాంసుడు కన్నులు పోయి, మరణశయ్యపై పరుండి, ఒక భక్తిగీతమును ఆధారముగా గొని గొప్ప వాద్యరచనను అప్పటికప్పుడు కల్పించి నోట చెప్పగా, అల్లుడు వ్రాసికొనెనట. రచన ముగియగనే ఆ మహనీయుడు కన్నుమూసెనట. ఈ కథ నా మనస్సునకు హత్తుకొనినది. పోతనామాత్యుని పాఠము వచ్చినప్పుడెల్ల దీనినిగూడ జోడించి పిల్లలకు చెప్పుచుండెడివాడను.

ఒకనాడు వెనుక వరుసలోని బాలుడొకడు లేచి, “మాస్టారూ, కళ్లు లేవు, జ్వరం, చావు దగ్గర. అంత పెద్దది అప్పటికప్పుడు కొత్తగా ఎట్లా కట్టాడండీ?” అని యడిగెను. నాకు సమాధానము తెలియదు. తెలియదని చెప్పుటకు నోరు రాలేదు. “మహానుభావుల సంగతి నీకేమి తెలియును? కూర్చో” అని గద్దించితిని. వాడు తలవంచుకొని కూర్చుండెను. వాని ప్రశ్న మాత్రము నన్ను విడువలేదు. తీరిక చిక్కిన తరువాత ఆ చరిత్రను వెదకి చదివితిని. బాలుని సందేహము న్యాయమైనదేయని తేలినది. ఆ సంగతినే నేడు విన్నవించెదను.

మొదట వాద్యమును గూర్చి రెండు మాటలు. ఆర్గన్ అనునది పాశ్చాత్య దేవాలయములలో గోడను ఆనుకొని కట్టబడు మహావాద్యము. మన హార్మోనియము దానికి దూరపు చుట్టము. హార్మోనియములో గాలి లోహపు నాలుకలను కదలించి పలికించును. ఆర్గనులో గాలి ముఖ్యముగా గొట్టములలో దూరి, పిల్లనగ్రోవిలోవలె పలుకును. గొట్టములు కొన్ని చిటికెనవ్రేలంత చిన్నవి, కొన్ని మూడు నిలువుల పొడవుగలవి. గొప్ప ఆర్గనులలో ఇవి వేలకొలది యుండును. కమ్మరి కొలిమితిత్తుల వంటి పెద్ద తిత్తులను మనుష్యులు త్రొక్కుచుండగా గాలి పుట్టెడిది. వాయించువాడు రెండు మూడు వరుసల మెట్లను చేతులతోను, క్రిందనున్న కొయ్యమెట్లను పాదములతోను నొక్కును. ఈ విధముగా ఒక్క మనుష్యుడే నలుగురు గాయకులు వేర్వేరు వరుసలను ఒక్కసారిగా పాడుచున్నట్లు వినిపింపగలడు.

ఇక గీతమును గూర్చి. జర్మనీలో 1517వ సంవత్సరమున మార్టిన్ లూథర్ మతసంస్కరణమును ప్రారంభించెను. అంతకుపూర్వము పూజలోని గానము చాలవరకు లాటిను భాషలో, గురువులును గాయకులును పాడునదిగా నుండెను. రైతులు, నేతగాండ్రు, స్త్రీలు, పిల్లలు అందరును తమ యింటిభాషలో కలసి పాడవలెనని లూథర్ సంకల్పించెను. తానే గీతములు వ్రాసెను. 1524లో లూథరన్ గీతపుస్తకములు అచ్చుపడసాగెను. ఈ సామూహిక భక్తిగీతమునకు కోరల్ అని పేరు. దేవుని తెలిసిన భాషలో కొలువవలెనను ఈ కోరిక మనకు క్రొత్త కాదు. ఈ లూథరన్ సంప్రదాయమే మన దేశమునకును వచ్చినది. జర్మనీలో జన్మించి అమెరికానుండి వచ్చిన హేయర్ అను మిషనరీ 1842లో గుంటూరు చేరెను. 1927లో ఆంధ్ర ఇవాంజలికల్ లూథరన్ సంఘము ఏర్పడెను. నాకీ కథ చెప్పిన ఉపాధ్యాయులు ఆ సంఘమువారే. పరాయిదేశపు వరుసలు చాలక, పురుషోత్తమ చౌదరిగారి వంటివారు తెలుగు రాగతాళములలో క్రైస్తవకీర్తనలు రచించిన సంగతి మీలో పలువురు ఎరుగుదురు.

మన కథలోని గీతము ఒక్కరి చేతిది కాదు. పదునారవ శతాబ్దిలో యోవాఖిమ్ కమెరారియస్ అను పండితుడు లాటిను భాషలో ఒక ప్రార్థనాపద్యమును రచించెను. విటెన్‌బెర్గ్ నగరపు ఆచార్యుడు పౌల్ ఏబర్ దానిని ఆధారముగా గొని జర్మను గీతము కట్టెను. మిక్కిలి యాపదలో మునిగి, ఎటుచూచినను దిక్కు తోపనివారు దేవుని శరణు వేడుట దానిలోని యర్థము. దాని వరుస మరియొక దేశముది. లూయీ బూర్జ్వా అను ఫ్రెంచివాడు 1547 ప్రాంతమున స్విట్జర్లండులోని జెనీవాలో దానిని కూర్చెనని చెప్పుదురు. ఒకచోట మొలచిన నారు మరియొకచోట నాటినట్లు, ఆ వరుస జర్మనుగీతమునకు అమరినది.

అది అమరుటకు కారణమును ఛందస్సు చదివినవాడను గనుక లెక్కించి చూచితిని. ఆ గీతమునకు చరణమునకు నాలుగు పాదములు. పాదమునకు ఎనిమిది అక్షరములు. మన అనుష్టుప్పు లెక్కయు ఇదియే. గురులఘునియమములు వేరైనను ముప్పదిరెండక్షరముల కొలత యొక్కటే. రామాయణభారతముల శ్లోకములలో అత్యధికభాగము ఏ కొలతలో నడచినదో, జర్మనీ పల్లెజనుల మొఱయు ఆ కొలతలోనే నడచినదని తెలిసి నాకు సంతోషము కలిగెను. ఈ కొలతను మీరు జ్ఞాపకముంచుకొనవలెను. ఒకే కొలతలో నున్న గీతములను ఒకే వరుసలో పాడవచ్చును. ఆపదలో శరణుకోరు గీతము పాడు వరుసలోనే, 1646 నాటి దని చెప్పబడు మరియొక గీతమునుగూడ పాడెడివారు. దేవుని సింహాసనము నెదుట వచ్చి నిలిచితినని చెప్పుట ఆ రెండవ గీతపు ఆరంభము. కథ తుదిలో ఈ రెండు గీతములును మనకు కావలసివచ్చును.

సభలోనివారు పాడుటకు ముందుగా ఆర్గన్ వాయించువాడు ఆ గీతపు వరుసను కొంత విస్తరించి వినిపించుట ఆచారము. నాటకమునకు నాంది యెట్టిదో గీతమునకు ఇది యట్టిది. వరుస జ్ఞాపకము చేయుట మొదటి ప్రయోజనము. గీతార్థమునకు తగిన మనఃస్థితిని కలిగించుట రెండవది. కాలక్రమమున ఈ నాందీవాద్యమే ఒక గొప్ప రచనాభేదమైనది. నా దృష్టిలో ఇది వ్యాఖ్యానము. మూలము అందరిదీ, వ్యాఖ్య విద్వాంసునిది. మూలములో లేనిదానిని వ్రాయనని మల్లినాథసూరి చేసిన ప్రతిజ్ఞ ఈ విద్యకును వర్తించును.

బాఖ్ 1685లో ఐసెనాఖ్ అను పట్టణమున పుట్టెను. ఆ వంశమున తరతరములుగా సంగీతమే వృత్తి. పదియేండ్లు నిండునప్పటికే తల్లిదండ్రులు గతింపగా అన్నగారి యింట పెరిగెను. పదునెనిమిదవ యేట ఆర్న్‌స్టాట్ పట్టణమున ఆర్గన్ వాయించు కొలువు దొరకెను. 1705లో నాలుగు వారముల సెలవు తీసికొని, బుక్స్‌టెహూడె అను వృద్ధవిద్వాంసుని వినుటకై లూబెక్ నగరమునకు నడచిపోయెను. ఆ దూరము నాలుగువందల కిలోమీటర్లకు పైమాట. పోయినవాడు నాలుగు నెలలవరకు తిరిగి రాలేదు. వచ్చినపిమ్మట 1706లో అధికారులు పిలిపించి సంజాయిషీ యడిగిరి. సెలవు సంగతి యొక్కటియే కాదు. కోరల్ నడుమ వింతవింత స్వరములు చొప్పించి పాడువారిని తికమకపెట్టుచున్నాడనియు ఆక్షేపించిరి. యౌవనమున విద్య పొంగిపొరలుట ఎల్లదేశములలోను కలదు గదా!

1708 మొదలు 1717 వరకు బాఖ్ వైమార్ ప్రభువు కొలువులో నుండెను. ఆ కాలముననే నాందీవాద్యముల చిన్నపుస్తకమును సంకల్పించెను. 164 గీతములకు పుటలు కేటాయించి, పైన పేర్లుగూడ వ్రాసికొనెను. పూర్తియైనవి 46 మాత్రమే. మిగిలిన పుటలు చాలవరకు వట్టివే. ఆ పుస్తకమును దేవునికి స్తోత్రముగాను, పొరుగువానికి చదువుగాను ఉద్దేశించినట్లు ముఖపత్రమున వ్రాసెను. మనము చెప్పుకొను శరణాగతిగీతముపై నాంది అందు కలదు. వారి లిపిలో తాళభాగములు 9 మాత్రమే. వినుటకు రెండు నిమిషములు చాలును. అందు గీతపు వరుస పైగొంతున పలుకును గాని, గమకములతోను, స్వరపుంజములతోను మిక్కిలి అలంకృతమై యుండును. పెండ్లికూతురి ముఖము నగలనడుమ వెదకికొనవలసినట్లు, మూలము వెదకికొనవలెను. మనోహరమైన రచన. ముప్పది యేండ్ల ప్రాయపువాడు చేయదగిన రచన.

1723లో బాఖ్ లైప్‌జిగ్ నగరపు సెయింట్ థామస్ దేవాలయ పాఠశాలలో సంగీతాచార్యుడుగా చేరి, మరణపర్యంతము అచ్చటనే యుండెను. పిల్లలకు చదువు చెప్పుట, పూజలకు గానరచన చేయుట, అధికారులతో తగవులాడుట, పెద్దసంసారము నీదుట, ఇట్లు ఇరువదియేడు సంవత్సరములు గడచెను. చివరి సంవత్సరములలో తన పాతరచనలను పైకితీసి దిద్దుచుండెను. ఒక పెద్ద వ్రాతప్రతిలో వైమార్ కాలపు కోరల్ రచనలను పలుమార్లు సవరించి, శుభ్రముగా ఎక్కించుచు వచ్చెను. ఆ ప్రతి నేటికిని బెర్లిన్ గ్రంథాలయమున భద్రముగా నున్నది.

ఇంతలో చూపు మందగించెను. 1750 వసంతమున జాన్ టెయిలర్ అను ఆంగ్లవైద్యుడు లైప్‌జిగునకు వచ్చి రెండుమార్లు శస్త్రము చేసెను. సూదితో కంటిలోని మసకబారిన కటకమును త్రోసివేయుట ఆనాటి పద్ధతి. మన సుశ్రుతసంహితలోను ఇట్టి చికిత్స వర్ణింపబడియున్నది. బాఖునకు అది మేలుచేయలేదు. చూపు పోయెను, దేహమును క్రుంగెను. జూలై 28వ తేదీ సాయంకాలము అరువదియైదవ యేట ఆయన కాలధర్మము నొందెను.

కథ ఇక్కడ మొదలైనది. ఫ్యూగ్ అను రచనావిధానమును సమగ్రముగా చూపు మహాగ్రంథ మొకటి ఆయన చేతిలో అసంపూర్ణముగా నిలిచిపోయెను. కుమారులు 1751లో దానిని అచ్చువేయించిరి. తెగిపోయిన తుదిరచనకు పరిహారముగా ఒక కోరల్ నాందిని చివర చేర్చిరి. కీర్తిశేషుడు కన్నులు కానని స్థితిలో దీనిని అప్పటికప్పుడు ఒక మిత్రునకు చెప్పి వ్రాయించెనని ముందుమాటలో తెలిపిరి. 1802లో ఫోర్కెల్ అను చరిత్రకారుడు బాఖ్ జీవితమును వ్రాయుచు, ఆ వ్రాయసకాడు అల్లుడగు ఆల్ట్‌నికోల్ అనియు, ఆ పని మరణమునకు కొద్దిదినములు ముందు జరిగెననియు చేర్చెను. ఆ పిమ్మట చెప్పినవారు తలకొక పువ్వు తురిమిరి. ఆ పూలదండలో నేను చేర్చిన పువ్వుకూడ ఒకటి యున్నదని మీతో ఒప్పుకొనుచున్నాను.

మరి సాక్ష్యము ఏమి చెప్పుచున్నది? మొదటి సాక్షి ఆ రచనయే. అచ్చులోని రచనను, వైమార్ నాటి చిన్నరచనను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, చిన్నదానినుండియే పెద్దది పెరిగినదని స్పష్టమగును. పాదములక్రింది ఆధారస్వరములు, నడిమి గొంతుల నడక చాలవరకు అవియే. కాబట్టి శూన్యమునుండి అప్పటికప్పుడు పుట్టినది కాదు. రెండవ సాక్షి బెర్లిన్ లోని వ్రాతప్రతి. దాని చివర ఇదే రచన మరియొకరి చేవ్రాతలో ఎక్కింపబడియున్నది. తుదిపుట లోపించినందున ఇరువదియైదు తాళభాగముల పిమ్మట తెగిపోయినది. అచ్చుప్రతికిని దీనికిని కొలదిచోట్ల చిన్నచిన్న భేదములు కలవు. ఆ భేదములన్నియు మెరుగులే. ఇచ్చట ఒక స్వరము కదలిక పొందినది. అచ్చట ఒక సంధి నునుపైనది. దీనినిబట్టి ఇప్పటి విద్వాంసులలో పలువురు ఇట్లు తలంచుచున్నారు: పెద్దరచన అంతకుముందే సిద్ధమై యుండెను, వ్యాధిగ్రస్తుడైన బాఖ్ దానిని మరల విని, దిద్దుబాట్లను నోట చెప్పెను, వాటినే మిత్రుడు వ్రాసికొనెను.

దిద్దుబాట్లలో ఒకటి స్వరములలో లేదు, శీర్షికలో నున్నది. అచ్చుప్రతిలో పాతగీతపు పేరు, అనగా మిక్కిలి యాపదలో శరణుకోరు గీతము పేరు కలదు. వ్రాతప్రతిలో దేవుని సింహాసనము నెదుట నిలుచు గీతము పేరు కలదు. కొలత యొక్కటే గనుక వరుస మార్చవలసిన పని లేకపోయెను. వరుస అదే, అక్షరసంఖ్య అదే; మొఱ నివేదనయైనది. చూపుపోయిన వృద్ధుడు తన యాపదను విడిచి తన ప్రయాణమును తలచినాడని చెప్పుటకు ఈ పేరుమార్పు చాలదా?

స్వరములలోని పెద్దమార్పును గూర్చి చెప్పి ముగింతును. చిన్నరచనకు తాళభాగములు 9, పెద్దదానికి 45. పెరిగినది గదాయని అలంకారములు పెరిగినవని తలంపకుడు. యౌవనమున పెట్టిన నగలన్నిటిని దాదాపుగా ఒలిచివేసెను. పైగొంతున మూలవరుస నెమ్మదిగా, సభలోని వృద్ధస్త్రీ సైతము గుర్తించి గొంతు కలుపగలిగినంత సాదాగా నడచును. మరి పెరిగినదేమి? ప్రతిపాదమునకు ముందు ఒక విచారము పెరిగినది. రాబోవు పాదములోని స్వరములనే క్రిందిగొంతులు ఒకదానివెంట నొకటి, రెట్టింపు వేగమున అందుకొనును. ఒక గొంతు ఎక్కినచోట మరియొకటి దిగును. కోనేటిగట్టున నిలిచినవానికి గోపురము పైకిని, నీటిలో క్రిందికిని కన్పట్టినట్లుండును. ఆ విచారము ముగిసిన పిమ్మట పైగొంతు ఆ పాదమును పలికి ఊరకుండును. మరల రెండవపాదమునకు విచారము, పిమ్మట పాదము. ఇట్లు నాలుగు మార్లు. కడపట పైగొంతు తుదిస్వరముపై కదలక నిలిచియుండగా, క్రిందిగొంతులు మెల్లమెల్లగా వచ్చి దానిని చేరుకొనును. అన్వయము, ప్రతిపదార్థము చెప్పి పిమ్మట శ్లోకమును చదువు గురువు నాకు అందు కానవచ్చెను.

నా యనుభవ మొకటి చెప్పుదును. పోలికకై కాదు, సాక్ష్యమునకై. రెండేండ్ల క్రిందట నా కన్నులకు శుక్లములు ముదిరి, శస్త్రచికిత్సకు ముందు కొన్ని నెలలు అక్షరములు కానరాలేదు. ఆ దినములలో క్రొత్తగా ఒక్క పద్యము కట్టబోయినను నాలుగవపాదమునకు వచ్చునప్పటికి మొదటిది జారిపోయెడిది. అయితే ఇరువదియైదవ యేట నేను వ్రాసిన యొక వ్యాఖ్యను మా మనుమరాలు చదువుచుండగా, ఇచ్చట ఈ మాట తీసివేయుము, అచ్చట ఈ విశేషణము వలదు అని సునాయాసముగా చెప్పగలిగితిని. తీసివేయించినవే యెక్కువ. “తాతయ్యా, ఇవన్నీ మీరే కదా రాసింది?” అని ఆ పిల్ల నవ్వెను. “అప్పుడు రాసినవాడు వేరమ్మా” అంటిని. కన్నులు లేనివాడు ఏమి చేయగలడో, ఏమి చేయలేడో నాకు ఆనాడు బోధపడినది.

బాఖ్ మరణానంతరము ఆ మహాగ్రంథమునకు ఆదరము దొరకలేదు. 1756 నాటికి అమ్ముడైన ప్రతులు ముప్పది మాత్రమే. కుమారుడు అచ్చురాగిరేకులను అమ్మకమునకు పెట్టెను. ఆయన సమాధిపై గుర్తురాయి లేకపోయెను. 1894లో త్రవ్వి, ఆయనవియని నిర్ణయించిన యస్థులు, 1950లో ఆయన పాఠము చెప్పిన సెయింట్ థామస్ దేవాలయమునకు చేరినవి. నేడు ఆ చిన్నగీతపు నాంది లోకమంతట వినబడుచున్నది. ధ్వనిముద్రణములు సులభముగా దొరకుచున్నవి. చిన్నదానిని ముందు విని, పెద్దదానిని పిమ్మట వినుడు. నగలు ఒలిచిన పిమ్మట ముఖము ఎంత ప్రశాంతముగా నున్నదో మీకే తెలియును.

ఆనాటి బాలుడు నేడు నలుబదియేండ్లు దాటినవాడై ఎచ్చటనో యుండును. అతడీ ప్రసంగమును విన్నయెడల నా జవాబు ఇది. నాయనా, నీవడిగినది సరియైన ప్రశ్న. ఆయన దానిని అప్పటికప్పుడు కట్టలేదు. ముప్పదియైదేండ్లు కట్టెను. ఊరిలో అందరు పాడు సామాన్యగీతము నొకదానిని యౌవనమున చేపట్టి, వార్ధకమున మరల విప్పి, తుదిదినములలోను ఇంకను ఒక స్వరము దిద్దవలసియున్నదని తలంచెను. నేను చెప్పిన కథకంటె నీ సందేహము చూపిన సత్యమే గొప్పది. నిన్ను కూర్చో మన్నందుకు ఈ వృద్ధుని మన్నింపుము.